కెమెరా పెట్టింది అత్తయ్య కోసం, సంజాయిషీ చెప్పుకోవాల్సింది నేనా?

ప్రశ్న: మాది నిజాంపేటలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. ఐటీ ఉద్యోగం నాది. వారానికి రెండు రోజులు ఆఫీసుకు వెళ్తాను, మిగతా రోజులు ఇంటి నుంచే పని. పోయిన ఏడాది మా అత్తయ్య బాత్రూంలో జారిపడ్డారు, మణికట్టు విరిగింది. డాలస్‌లో ఉండే మా బావగారు పట్టుబట్టి హాల్లో వైఫై కెమెరా పెట్టించారు. అది అటూ ఇటూ తిరుగుతుంది, మాటలు కూడా వినిపిస్తాయి. యాప్ మా వారి ఫోన్‌లో, బావగారి ఫోన్‌లో, విజయవాడలో మా ఆడపడుచు ఫోన్‌లో ఉంది. నేను మా అమ్మతో ఫోన్‌లో అన్న మాట వారం తిరక్కుండా ఆడపడుచు నోట విన్నాను. అప్పటినుంచి చున్నీ లేకుండా హాల్లోకి రావడం లేదు. అమ్మతో మాట్లాడాలంటే టెర్రస్ ఎక్కుతున్నాను. అత్తయ్య కూడా మధ్యాహ్నం దివాన్ మీద నడుం వాల్చడం మానేసి లోపలి గదిలోకి వెళ్లిపోతున్నారు. మా వారిని అడిగితే 'తప్పు చేయనప్పుడు భయమెందుకు' అంటారు. ఇప్పుడు ఫోన్ అన్నా భయంగానే ఉంది. సోఫా కొనాలని అమ్మతో అంటే సాయంత్రానికల్లా సోఫాల ప్రకటనలు వచ్చాయి. ల్యాప్‌టాప్ కెమెరాకు స్టిక్కర్ బొట్టు అంటించాను. నాకు అనుమానం జబ్బు పట్టిందని ఇంట్లో అంటున్నారు. నిజంగా అంతేనా?
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: కాదమ్మా. మీది అనుమానం జబ్బు కాదు. మీరు మీ అమ్మతో చెప్పుకున్న మాట మీకు తెలియకుండా విజయవాడ చేరింది. అది నిజంగా జరిగింది. మన మాట ఎవరు వింటున్నారో తెలియని ఇంట్లో ఎవరైనా మీలాగే ముడుచుకుపోతారు. ఉత్తరంలో మీరు రాసిన భయాలన్నీ ఒకటే రకం కావు. కొన్నింటికి గట్టి కారణం ఉంది, కొన్నింటికి అంత లేదు. వాటిని విడదీస్తే మీ టెన్షన్ సగం తగ్గుతుంది.

ముందు మీ వారి మాట. తలుపేసుకుని బట్టలు మార్చుకునే మనిషి ఏ తప్పూ చేయడం లేదు కదా. మీ వారు కూడా తన ఫోన్‌కు లాక్ పెట్టుకునే ఉంటారు. కూతురు తల్లితో మాట్లాడేటప్పుడు కాస్త విసుగు ఉంటుంది, కాస్త అలక ఉంటుంది, కొన్ని మాటలు ఎక్కువ తక్కువలుగా వస్తాయి. అమ్మ దగ్గర కాబట్టే అలా మాట్లాడతాం. అదే మాటను కెమెరాలో విన్న మూడో మనిషికి అది చాడీలాగే వినిపిస్తుంది. మీ ఆడపడుచు విన్నది అలాంటి ముక్కే అయి ఉంటుంది.

అయినా మీ వారిని చెడ్డవాడిగా చూడలేను. కెమెరా అంటే భద్రత అన్న ఆలోచన ఈ నగరంలో అందరికీ అలవాటైపోయింది. పోలీసులు 'నేను సైతం' పేరుతో కాలనీవాళ్లను కలుపుకుని వీధి వీధికీ కెమెరాలు పెట్టించారు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఒకటి, లిఫ్ట్‌లో ఒకటి, పాల బూత్ ముందు ఇంకొకటి. వీధిలో వాటివల్ల ఉపయోగం ఉంది. వీధిలో పనికొచ్చింది హాల్లోకి కూడా వస్తే తప్పేముంది అని మీ వారు అనుకుని ఉంటారు. వీధిలో మనం నలుగురిలో ఉన్నామని తెలిసే నడుస్తాం. ఇంట్లో అలా ఉండలేం, ఉండాల్సిన అవసరం కూడా లేదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం ఒకటుంది. మీరు దాన్ని మామూలుగా రాసి దాటిపోయారు. అత్తయ్య దివాన్ మీద పడుకోవడం మానేశారట. ఎందుకు మానేశారో ఎవరైనా అడిగారా? ఆ వయసు మనిషి మధ్యాహ్నం ఉక్కపోతకు పమిట పక్కకు తీసి, మోకాళ్లకు నూనె రాసుకుని, ఫ్యాన్ కింద కాసేపు కన్ను మూస్తుంది. డాలస్ నుంచి కొడుకు, విజయవాడ నుంచి కూతురు ఎప్పుడు చూస్తున్నారో తెలియనప్పుడు ఆ సుఖం ఉండదు. కొడుకు ప్రేమతో పెట్టించాడు, వద్దంటే బాధపడతాడని ఆమె నోరు మెదిపి ఉండరు. ఆ కెమెరా కింద రోజంతా ఉండేది మీరిద్దరు. యాప్ ఉన్నది అక్కడ ఉండని వాళ్ల దగ్గర. కెమెరా ఎవరి పేరున వచ్చిందో ఆమెకే అది ఇబ్బందిగా ఉందంటే ఇంట్లో అందరూ వినక తప్పదు.

అందుకే మొదట మీ వారితో కాదు, అత్తయ్యతో మాట్లాడండి. కెమెరా పేరెత్తకుండా మొదలుపెట్టినా ఫర్వాలేదు. 'అత్తయ్యా, హాల్లో గాలి బాగుంటుంది కదా, మధ్యాహ్నం ఇక్కడ పడుకోవడం లేదేం' అనండి చాలు. ఆమె చెప్పేది మధ్యలో అడ్డుపడకుండా వినండి. మీ ఫిర్యాదుకు ఆమెను సాక్షిగా వాడుకోవడానికి కాదు, ఆమె ఇబ్బంది ఆమెదిగా బయటికి రావడానికి.

ఇంకో సంగతి. ఆవిడ పడింది బాత్రూంలో, కెమెరా ఉన్నది హాల్లో. ఆ ప్రమాదాన్ని ఆ కెమెరా ఆపలేదు, రేపు అలాంటిదే జరిగితే చూడనూ లేదు. నిజంగా ఆమె క్షేమమే ముఖ్యమైతే ఆ డబ్బు, ఆ శ్రద్ధ బాత్రూం మీద పెట్టాలి. కమోడ్ పక్కన, స్నానం చేసే చోట గోడకు పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు బిగించండి. జారని రబ్బరు మ్యాట్ వేయండి. రాత్రి మంచం నుంచి బాత్రూం దాకా దారి కనిపించేలా జీరో బల్బు వెలగనివ్వండి. లోపల గడియ వేసుకోవద్దని చెప్పండి, పడిపోతే తలుపు పగలగొట్టేదాకా ఎవరూ వెళ్లలేరు. వైర్‌లెస్ కాలింగ్ బెల్ బటన్‌ను బాత్రూంలో చేతికందే ఎత్తున, అంటే కింద కూర్చున్నా అందేలా, అంటించండి. కళ్లు, బీపీ మాత్రలు ఒకసారి డాక్టరుకు చూపించండి, లేవగానే కళ్లు తిరగడానికి మాత్రలు కూడా కారణం కావచ్చు. ఇవన్నీ మీ వారితో కలిసి చేస్తే, అత్తయ్యను పట్టించుకోవడం లేదన్న మాట ఎవరూ అనలేరు.

ఇక కెమెరా. పూర్తిగా తీసేయమని పట్టుబడితే గొడవ అవుతుంది. మీరు ఆఫీసుకు వెళ్లే రెండు రోజులు అత్తయ్య ఒంటరిగా ఉంటారు. ఆమెకు ఇష్టమైతే ఆ రెండు రోజులు, వీధి తలుపు వైపు తిప్పి ఆన్ చేయొచ్చు. మిగతా రోజులు ప్లగ్ తీసేస్తే చాలు. మైక్ మాత్రం ఏ రోజూ వద్దు, ఆడియో రికార్డింగ్ ఆపేయడానికి యాప్‌లో ఆప్షన్ ఉంటుంది. మనుషుల మధ్య తగాదాలు బొమ్మ వల్ల కన్నా మాట వల్లే ఎక్కువ వస్తాయి, మీ ఇంట్లో జరిగింది కూడా అదే. చాలా కెమెరాల్లో ప్రైవసీ మోడ్ కూడా ఉంటుంది. అది నొక్కితే బొమ్మ, రికార్డింగ్ రెండూ ఆగిపోతాయి. ఆ యాప్ మీ ఫోన్‌లోనూ ఉండాలి, కెమెరా ఎప్పుడు ఆన్‌లో ఉందో మీకు తెలియాలి.

మీ వారు ఇంకో పని చేయాలి. యాప్‌లో ఎవరెవరికి షేర్ అయి ఉందో ఆ జాబితా తెరిచి చూడమనండి. బిగించడానికి వచ్చిన టెక్నీషియన్ తన ఫోన్‌లో లాగిన్ చేసి టెస్ట్ చేసి, అలాగే వదిలేసి వెళ్లిపోవడం మామూలే. పాత ఫోన్లు ఉంటే తీసేయాలి, పాస్‌వర్డ్ మార్చాలి, ఓటీపీ అడిగేలా టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టాలి. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి సీసీ కెమెరాల దృశ్యాలు ఇంటర్నెట్‌లో బయటపడ్డాయి, వాటిని దొంగిలించి అమ్ముకున్నారు. డాక్టరు పరీక్షిస్తున్న ఆడవాళ్లు వాటిలో ఉన్నారు. ఊహించడానికి తేలికైన పాస్‌వర్డులు ఉన్న కెమెరాలే ఇలా ముందు దొరికిపోతాయి.

మీ వారు ఇవేవీ వినకపోతే మీ ఉద్యోగం సంగతి గుర్తుచేయండి. మీరు హాల్లో కూర్చుని క్లయింటుతో మాట్లాడే మాట, మీ స్క్రీన్ మీద కనిపించేది, అన్నీ ఆ కెమెరా ద్వారా బయటి సర్వరుకు వెళ్తుంటే మీ కంపెనీ ఒప్పుకుంటుందా? ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు ఆఫీసులు ఈ విషయంలో గట్టి నియమాలే పెడతాయి. అది ఆయనకు వెంటనే అర్థమవుతుంది.

ఫోన్ విషయంలో మీ భయం అంత అవసరం లేదని నా అభిప్రాయం. ప్రకటనలు చూపించే కంపెనీలకు మీ మాటలు వినాల్సిన పని అంతగా లేదు. మీరు ఏ బొమ్మ దగ్గర రెండు క్షణాలు ఆగారో, ఏ ఫర్నిచర్ షాపు వైపు వెళ్లొచ్చారో, మీ ఇంటి వైఫై మీద ఇంకెవరు ఏం వెతికారో వాళ్లకు తెలుసు. సోఫా ప్రకటన రావడానికి అది చాలు. అయినా మనసు కుదుటపడాలంటే సెట్టింగ్స్‌లో ప్రైవసీ, దానిలో పర్మిషన్ మేనేజర్ తెరిచి మైక్రోఫోన్, కెమెరా ఏయే యాప్‌లకు ఇచ్చారో చూడండి. టార్చ్‌లైట్ యాప్‌కు, పిల్లల గేముకు మైక్ ఎందుకు? తీసేయండి. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి మైక్ గానీ కెమెరా గానీ వాడుతుంటే స్క్రీన్ పైన మూలలో ఆకుపచ్చ గుర్తు వెలుగుతుంది. ఐఫోన్‌లో అయితే మైక్‌కు నారింజ చుక్క, కెమెరాకు ఆకుపచ్చ చుక్క. మీరు ఏమీ వాడనప్పుడు అది వెలిగితే ఏ యాప్ అని చూడండి. వెలగకపోతే నిశ్చింతగా ఉండండి. ఫోన్ మీ చేతిలో ఉంది, దాన్ని మీరు అదుపు చేసుకోగలరు. హాల్లో కెమెరా మీ చేతిలో లేదు. మీ భయం అంతా నిజానికి అక్కడే పుట్టింది.

ల్యాప్‌టాప్ బొట్టు ఉంచండి. 2016లో ఫేస్‌బుక్ అధినేత జుకర్‌బర్గ్ ఫొటో ఒకటి బయటికొస్తే, వెనక బల్ల మీద ఆయన ల్యాప్‌టాప్ కెమెరాకు కూడా టేపు వేసి ఉంది. మీరు వింతపనేమీ చేయలేదు. అయితే బొట్టు బొమ్మను ఆపుతుంది, మాటను ఆపదు. మీటింగ్ అయిపోగానే బయటికి వచ్చామో లేదో చూసుకుని ల్యాప్‌టాప్ మూసేయండి.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి, బెదిరించడానికి కాదు, మీరు అడుగుతున్నది న్యాయమైనదేనని ధైర్యం కోసం. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. కోల్‌కతాలో ఒకే ఇంట్లో ఉంటున్న అన్నదమ్ముల మధ్య కెమెరాల గొడవ వస్తే, కలిసి ఉంటున్న వాళ్ల సమ్మతి లేకుండా నివాస భాగంలో కెమెరాలు నడపకూడదని 2025 ఫిబ్రవరిలో కలకత్తా హైకోర్టు చెప్పింది. సుప్రీంకోర్టు మే నెలలో ఆ తీర్పును అలాగే ఉంచింది. ఇక పడకగదిలోనో, స్నానాల గదిలోనో రహస్యంగా చిత్రీకరించడం పూర్తిగా వేరే సంగతి. అది భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం, మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల జైలు. అలాంటిది ఏదైనా మీ కంటపడితే సర్దుకుపోవద్దు. 181 మహిళా హెల్ప్‌లైన్‌కు గానీ షీ టీమ్స్‌కు గానీ వెంటనే చెప్పండి.

మీ ఇంట్లో అంతదాకా రాలేదు, మాట్లాడుకుంటే తీరే అవకాశమే ఎక్కువ. ఆడపడుచుతో మీరు తగువుకు దిగకండి. బావగారికి కూడా మీరు ఫోన్ చేయకండి, చెప్పాల్సింది మీ వారు, పక్కన అత్తయ్య ఉండాలి. కెమెరా బదులు రోజూ సాయంత్రం ఏడింటికి, డాలస్‌లో అప్పుడు ఉదయం అవుతుంది, అమ్మకు వీడియో కాల్ చేయమని బావగారిని మీ వారు అడగాలి. తల్లి ఎలా ఉందో ఆమె ముఖం చూసి, ఆమె నోటితోనే తెలుసుకోవచ్చు. మీ వారు ఒప్పుకోకపోతే ముగ్గురూ కలిసి ఫ్యామిలీ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి, మొదట అత్తయ్యను మాట్లాడనివ్వండి.