రెండు మోకాళ్లూ ఒకేసారి మార్పించాలా? ముందు క్రియాటినిన్ చూడండి

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. అమ్మకు 66 ఏళ్లు, షుగర్ ఉంది. చాలా ఏళ్లు జీడిపిక్కలు కొట్టే పని చేసింది. రెండు మోకాళ్లలో గుజ్జు అరిగిపోయి కాళ్లు దొడ్డికాళ్లయ్యాయి. రోబోతో రెండూ ఒకేసారి మార్చేస్తామని, రిస్క్ ఏమీ ఉండదని విశాఖలో ఒక ఆసుపత్రిలో చెప్పారు. చేయించవచ్చా?

జవాబు: రోబో సంగతి వేరు, రెండూ ఒకేసారి అనే సంగతి వేరు. మీకు రెంటినీ కలిపి చెప్పినట్టున్నారు.

రోబో తనంతట తాను ఆపరేషన్ చేసేయదు. చాలా రకాల రోబోలతో కోసేది డాక్టరే. ఎముకను ఎంత మందాన, ఏ కోణంలో కోయాలో కంప్యూటర్‌లో ముందే లెక్క వేసుకుంటారు. ఆ గీత దాటకుండా రోబో కాపు కాస్తుంది. కోత కచ్చితంగా వస్తుంది, కాదనను. కానీ ఏళ్లు గడిచాక నడక, నొప్పి మామూలు పద్ధతిలో చేయించుకున్నవారి కంటే బాగా మెరుగ్గా ఉంటాయని ఇంకా తేలలేదు. గుండె మీద, కిడ్నీల మీద పడే భారాన్ని రోబో తగ్గించదు. నన్నడిగితే మెషీన్ కంటే ఆ డాక్టర్ అనుభవమే ముందు చూస్తాను.

ఇక రెండూ ఒకేసారి. మత్తు ఒకసారే, ఆసుపత్రిలో ఉండటం ఒకసారే. అమ్మగారిలా రెండు కాళ్లూ వంగిపోయినవారికి ఒకటే సరిచేస్తే, వంగిన రెండో కాలు నడకను వెనక్కి లాగుతుంది. ఇది నిజమైన లాభమే. కానీ రక్తం ఎక్కువ పోతుంది. కాలి సిరల్లో గడ్డలు కట్టడం, ఎముక మూలుగలోని కొవ్వు ఊపిరితిత్తుల్లోకి చేరడం, గుండెకు ఇబ్బంది రావడం లాంటి ప్రమాదాలు ఒక మోకాలి ఆపరేషన్ కంటే ఎక్కువ. రిస్క్ ఉండదన్న మాట మాత్రం నేను అనలేను.

మీ ప్రాంతం పేరు చూడగానే నాకు గుర్తొచ్చింది కిడ్నీలు. మీ పలాస చుట్టుపక్కల ఉద్దానం పల్లెల్లో ఎంతోమందిని పట్టిన కిడ్నీ జబ్బు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. దానికి తోడు మోకాళ్ల నొప్పికి మందుల షాపులో కొని వాడే డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి. అమ్మగారు అవి ఎన్నాళ్లుగా వాడుతున్నారో అడిగి ఆపించండి, డాక్టర్‌కు దాచకుండా చెప్పండి. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్, గుండెకు ఎకో, మూడు నెలల షుగర్ (హెచ్‌బీఏ1సీ) పరీక్షలు చేయించండి. మూడు నెలల షుగర్ 8 శాతం దాటితే తగ్గేదాకా ఆగడం మేలు, లేదంటే చీము పట్టే భయం. పళ్లు పుచ్చినా, మూత్రంలో మంట ఉన్నా ముందు వాటి సంగతి చూడాలి. అన్నట్టు, అమ్మగారికి నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డచుట్ట అలవాటుంటే ఇప్పుడే మాన్పించండి. మీరు సిగ్గుపడి చెప్పకపోయినా ఆపరేషన్ బల్ల మీద ఊపిరితిత్తులు చెప్పేస్తాయి.

రిపోర్టులన్నీ బాగుంటే ఒకేసారి చేయించవచ్చు. గుండెలోనో కిడ్నీలోనో తేడా ఉంటే, ఆ డాక్టర్లు సరేనన్నాకే, ఎక్కువ బాధ పెడుతున్న మోకాలు ముందు, రెండోది మూడు నెలల తర్వాత.

వాకర్‌తో మర్నాడే నడిపిస్తారు. అయితే రెండు కాళ్లకూ కట్లుంటాయి కాబట్టి భారం వేయడానికి మంచి కాలంటూ ఉండదు. మొదటి రెండు వారాలు ఇంట్లో ఇద్దరు మనుషులు ఉండాలి. పీట మీద, నేల మీద కూర్చోవడం ఇక మానేయాలి. మీ ఇంట్లో ఉన్నది కింద కూర్చునే మరుగుదొడ్డి అయితే, ఆపరేషన్ తేదీ తీసుకునే ముందే మార్పించండి.