గోరువంకను, అడవి గోరువంకను గుర్తుపట్టడం గురించి

చిరంజీవి మనవడికి తాతయ్య ఆశీస్సులు.

అరకు వెళ్తున్నావనీ, అక్కడ చూసిన పక్షులన్నిటినీ నోటుపుస్తకంలో రాసుకోదలిచావనీ తెలిసి చాలా సంతోషించాను. మన పెరటి గోరువంకకు దగ్గరి చుట్టమైన అడవి గోరువంక ఆ కొండల్లో కనబడుతుంది కనుక, రెండింటినీ ఎలా వేరుపరచాలో ముందుగానే చెబుతున్నాను.

రెండూ ఆక్రిడోథెరెస్ అనే ఒకే ప్రజాతికి చెందినవి. ఆ గ్రీకు మాటకు మిడతలను వేటాడేది అని అర్థం. పేరుకు తగ్గట్టే రెండూ మేసే పశువుల వెంట నడుస్తూ, గిట్టల అలికిడికి లేచే పురుగులను పట్టుకుంటాయి. ఎగిరేటప్పుడు రెండింటి రెక్కల మీదా తెల్లమచ్చ మెరుస్తుంది, తోక చివర కూడా తెలుపే. ఒకసారి నేను ఆ మచ్చనే నమ్ముకుని గుంపు మొత్తాన్ని ఊరి గోరువంకలుగా రాసుకున్నాను. అవి గేదెల పక్కన వాలాక చూస్తే సగానికి సగం అడవి గోరువంకలే. అప్పటినుంచి పక్షి వాలి, తల పక్కకు తిప్పేదాకా పేరు రాయడం మానేశాను.

ముఖం చూడు. ఊరి గోరువంకకు కంటి చుట్టూ, వెనకా ఈకలు లేని పసుపు చర్మం పసుపు పూసినట్టు స్పష్టంగా ఉంటుంది, ముక్కూ కాళ్లూ పసుపే. అడవి గోరువంకకు ఆ చర్మం ఉండదు, నల్లని ఈకలు కంటి దాకా వచ్చేస్తాయి. ముక్కు మొదట్లో, నుదుటి మీద చిన్న కుచ్చు నిక్కబొడుచుకుని ఉంటుంది. ఒళ్లు కూడా గోధుమరంగు కన్నా బూడిదరంగు వైపు మొగ్గుతుంది. పిల్ల పక్షులకు కుచ్చు సరిగా ఎదగదు, కాబట్టి కుచ్చు లేదన్న ఒక్క కారణంతో తొందరపడి తేల్చేయకు.

కంటి రంగు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అడవి గోరువంక కంట్లో కనుపాప చుట్టూ ఉండే రంగు వలయం ఉత్తరాదిన పసుపుగానూ, దక్షిణాదిన లేత నీలంగానూ ఉంటుంది. ఆ పసుపు కన్నును దూరం నుంచి చూసి పసుపు చర్మమని భ్రమపడే ప్రమాదం ఉంది. అందుచేత కన్ను కాదు, కంటి వెనక భాగం చూడాలి. ఈకలు రాలి, తలంతా పసుపు చర్మం బయటపడిన గోరువంక ఎదురైతే కొత్త జాతి అనుకోవద్దు, అది మన ఊరిదే.

బైనాక్యులర్ తీసుకువెళ్లు. ముందు చూసినది రాయి, పేరు ఆ తరువాత రాయి. ముఖం సరిగా కనబడకపోతే “గోరువంక, ఏదో తేలలేదు” అని నిస్సంకోచంగా రాసి, కింద తేదీ, చోటు వేసుకో.

ఇట్లు,
మీ తాతయ్య