ఏటీమెగా4809 ఎస్‌పీఐలో బఫర్ మోడ్ ఆన్ చేస్తే ఫ్లాష్ పేజీ ఎందుకు రాయడం లేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. 3.3 వోల్టుల మీద 10 మెగాహెర్ట్జ్‌తో ఏటీమెగా4809 మైక్రోకంట్రోలర్ నడుపుతున్నారు. చిప్‌ల మధ్య బిట్లను ఒకదాని వెంట ఒకటి పంపే ఎస్‌పీఐకి క్లాక్ 5 మెగాహెర్ట్జ్, దానికి డబ్ల్యూ25క్యూ32 ఫ్లాష్ మెమరీ చిప్ తగిలించారు. మామూలు మోడ్‌లో 256 బైట్ల పేజీ చక్కగా రాస్తోంది. బఫర్ మోడ్‌ను ఆన్ చేసే బఫ్‌ఈఎన్ (BUFEN) బిట్ పెట్టి, డీఆర్ఈఐఎఫ్ (DREIF) ఫ్లాగ్ చూసి బైట్లు పంపడం మొదలుపెట్టాక పేజీ మొత్తం హెక్స్ ఎఫ్ఎఫ్ అనే, అంటే ఏమీ రాయనట్టే, కనిపిస్తోంది. చివరి బైట్ ఒక్కటే పోవాలి కదా, పేజీ అంతా ఎందుకు పోతోంది అని అడిగారు.

వైరింగ్‌ను అనుమానించకండి, మామూలు మోడ్‌లో పనిచేసిందంటే అది బాగానే ఉంది. తేడా వచ్చింది ఫ్లాష్‌ను ఎంచుకునే సీఎస్ (చిప్ సెలెక్ట్) పిన్‌ను పైకి లేపే, అంటే కమాండ్ ముగిసిందని చెప్పే, సమయంలో.

డీఆర్ఈఐఎఫ్ అంటే బఫర్‌లో ఇంకో బైట్‌కు చోటుంది అని మాత్రమే, వేసిన బైట్ వైరు మీదకు వెళ్లిపోయిందని కాదు. బిట్లను ఒక్కొక్కటిగా వైరు మీదకు తోసే షిఫ్ట్ రిజిస్టర్ ఖాళీగా ఉన్నప్పుడు మొదటి బైట్ వేస్తే అది నేరుగా అందులోకి దిగిపోతుంది, డీఆర్ఈఐఎఫ్ వెంటనే మళ్లీ 1 అవుతుంది. రైట్ ఎనేబుల్ కమాండ్, అంటే హెక్స్ 06, ఒకే ఒక్క బైట్. మీ కోడ్ దాన్ని వేసి, డీఆర్ఈఐఎఫ్ చూసి సీఎస్ పైకి లేపేస్తోంది. ఈ వేగంలో ఒక బైట్ బయటికి పోవడానికి 16 సీపీయూ సైకిళ్లు కావాలి, మీరు అందులో సగం కూడా ఆగడం లేదు. కమాండ్ మధ్యలో తెగిపోయింది కాబట్టి ఫ్లాష్ దాన్ని పట్టించుకోదు. తర్వాత మీరు పంపే పేజీ ప్రోగ్రామ్ కమాండ్, హెక్స్ 02, రైట్ ఎనేబుల్ లేకుండా వచ్చినట్టే. పేజీ ప్రోగ్రామ్‌కూ ఇదే నియమం ఉంది: చివరి బైట్ ఎనిమిదో బిట్ పూర్తయ్యాకే సీఎస్ లేవాలి, లేదంటే ఆ కమాండే అమలు కాదు. అందుకే పోయింది ఒక్క బైట్ కాదు, మొత్తం పేజీ.

సీఎస్ లేపే ముందు చూడాల్సింది టీఎక్స్‌సీఐఎఫ్ (TXCIF) ఫ్లాగ్. షిఫ్ట్ రిజిస్టర్‌లో ఉన్నదంతా బయటికి పోయి, బఫర్‌లో కూడా ఏమీ మిగలకపోతేనే ఈ ఫ్లాగ్ వస్తుంది. చాలామంది ఇక్కడితో జవాబు ఆపేస్తారు. కానీ ఇంతవరకే చేస్తే మీ బోర్డు టేబుల్ మీద బాగానే పనిచేసి, ఫీల్డ్‌లోకి వెళ్లాక అప్పుడప్పుడు పేజీలు పోగొడుతుంది.

మా దగ్గరికి అలాంటి డేటా లాగర్ బోర్డు ఒకటి వచ్చింది. కోడ్ వేరేవాళ్లు రాసింది, టీఎక్స్‌సీఐఎఫ్ కోసం ఆగుతోంది కూడా. అయినా వందల పేజీల మధ్య ఎక్కడో ఒక పేజీ ఖాళీగా కనపడేది. యూఆర్టీ (సీరియల్ పోర్ట్) కేబుల్ పీకేస్తే సమస్య మాయం. పిన్‌ల మీది సిగ్నళ్లను రికార్డ్ చేసే లాజిక్ ఎనలైజర్ పెట్టి, సీఎస్ లేచిన తర్వాత కూడా క్లాక్ కదిలితే పట్టుకునేలా ట్రిగ్గర్ పెట్టాం. దొరికింది: చివరి నుంచి రెండో బైట్ సగంలో ఉండగానే సీఎస్ లేచిపోయింది. మిగిలిన సగం, ఆ తర్వాత చివరి బైట్ మొత్తం, ఎవరూ వినని క్లాక్‌ల మీద వెళ్లిపోతున్నాయి.

జరిగిందేమిటంటే, పేజీ మధ్యలో ఉండగా యూఆర్టీ ఇంటరప్ట్ వచ్చింది, అంటే సీపీయూ చేస్తున్న పని ఆపి యూఆర్టీ పని చూడాల్సి వచ్చింది. అది పూర్తయ్యేలోపు ఎస్‌పీఐ చేతిలో ఉన్న బైట్లన్నీ అయిపోయి టీఎక్స్‌సీఐఎఫ్ 1 అయింది. ఇంటరప్ట్ అయ్యాక మిగతా బైట్లు వెళ్లాయి గానీ, ఆ ఫ్లాగ్‌ను ఎవరూ తుడవలేదు. చివర్లో కోడ్ చూసినప్పుడు పాత 1 కనపడింది, పని అయిపోయిందనుకుని సీఎస్ లేపేసింది.

మొదటి బైట్‌కు ముందు ఫ్లాగ్ తుడిస్తే ఇది ఆగదు, ఇంటరప్ట్ ఆ తర్వాతే వస్తోంది కదా. చివరి బైట్ వేయడానికి కాస్త ముందు తుడిచినా గ్యారంటీ లేదు, తుడవడానికీ వేయడానికీ మధ్య ముందటి బైట్ పూర్తయిపోవచ్చు. సరైన వరుస దీనికి తిరగేసి ఉంటుంది: ఇంటరప్ట్‌లు ఆపండి, చివరి బైట్ వేయండి, వెంటనే టీఎక్స్‌సీఐఎఫ్ తుడవండి, ఇంటరప్ట్‌లు మళ్లీ తెరవండి, అప్పుడు ఫ్లాగ్ కోసం ఆగండి. చివరి బైట్ వేశాక కనీసం 16 సైకిళ్ల దాకా కొత్తగా ఆ ఫ్లాగ్ రాదు, మీరు తుడిచేది కొన్ని సైకిళ్లలోనే, కాబట్టి తుడిచింది కచ్చితంగా పాతదే. ఆగుతున్నప్పుడు ఇంటరప్ట్ వచ్చినా ఫర్వాలేదు. సీఎస్ ఆలస్యంగా లేస్తే నష్టం లేదు, తొందరపడి లేస్తేనే నష్టం. 06 లాంటి ఒక్క బైట్ కమాండ్‌కు కూడా ఇదే వరుస వాడండి. తుడిచేటప్పుడు ఇంట్‌ఫ్లాగ్స్ రిజిస్టర్‌లో నేరుగా హెక్స్ 40, అంటే టీఎక్స్‌సీఐఎఫ్ బిట్ ఒక్కటే, రాయండి; ఇక్కడ 1 రాస్తేనే ఫ్లాగ్ తుడిచిపోతుంది. పాత విలువ చదివి దానికి ఓఆర్ చేసి రాస్తే పక్క ఫ్లాగ్‌లు కూడా తుడిచిపెట్టుకుపోతాయి.

రాయడం కుదిరాక మీకు ఇంకో టెన్షన్ వస్తుంది, ముందే చెప్పేస్తాను. ఎస్‌పీఐలో పంపే ప్రతి బైట్‌కు ఒక బైట్ తిరిగి వస్తుంది, మీకు అక్కర్లేకపోయినా సరే. పేజీ రాసేటప్పుడు వాటిని చదవరు కాబట్టి రిసీవ్ బఫర్‌లో పనికిరాని బైట్లు కూర్చుని ఉంటాయి. తర్వాత స్టేటస్ రిజిస్టర్ చదవబోతే ముందు అవే చేతికొస్తాయి, ఫ్లాష్ బిజీగా ఉందో లేదో తప్పుగా తేలుతుంది. సీఎస్ లేపాక, చదవని బైట్ ఉందని చెప్పే ఆర్ఎక్స్‌సీఐఎఫ్ (RXCIF) ఫ్లాగ్ సున్నా అయ్యేదాకా డేటా రిజిస్టర్‌ను ఊరికే చదివి పారేయండి. ఫ్లాష్ నుంచి చదివే పనికైతే నేను టీఎక్స్‌సీఐఎఫ్ జోలికే పోను. పంపినవాటికీ చదివినవాటికీ తేడా రెండు దాటకుండా చూసుకుంటాను, ఆఖరి బైట్ చేతికొచ్చాక సీఎస్ లేపుతాను. ఇంటరప్ట్ ఎప్పుడొచ్చినా ఆ లెక్క తప్పదు.

అసలు మీ పనికి బఫర్ మోడ్ అవసరమా అంటే, పేజీ రాయడానికి పెద్దగా లేదనే నా అభిప్రాయం. కమాండ్, అడ్రస్ కలిపి 260 బైట్లు ఆగకుండా పంపితే 416 మైక్రోసెకన్లు పడుతుంది. ఆ తర్వాత ఫ్లాష్ లోపల రాసుకోవడానికి గరిష్ఠంగా 3 మిల్లీసెకన్లు దాకా పట్టొచ్చు. బైట్ల మధ్య ఖాళీలు తగ్గించి మిగుల్చుకునేది అందులోనే కలిసిపోతుంది. పెద్ద రీడ్‌లకు, టీఎఫ్‌టీ డిస్‌ప్లేకు మాత్రం బాగా ఉపయోగం. 128 బై 160 స్క్రీన్‌కు 16 బిట్ రంగుల్లో 40,960 బైట్లు, అక్కడ ప్రతి ఖాళీ లెక్కలోకి వస్తుంది. ఈ వేగంలో బైట్ బైట్‌కూ ఇంటరప్ట్ పెట్టకండి, ఇంటరప్ట్‌లోకి వెళ్లి వచ్చేలోపే 16 సైకిళ్లు దాటిపోతాయి. ఫ్లాగ్‌ను కోడే పదేపదే చూసుకునే పోలింగే నయం.

పనిలో పనిగా కంట్రోల్‌బీ రిజిస్టర్‌లో, ఎస్ఎస్ పిన్‌ను పట్టించుకోవద్దని చెప్పే ఎస్ఎస్‌డీ (SSD) బిట్ కూడా పెట్టారేమో చూసుకోండి. అది లేకుండా ఎస్ఎస్ పిన్ ఇన్‌పుట్‌గా ఉండి కిందికి పడితే ఎస్‌పీఐ మాస్టర్ నుంచి స్లేవ్‌గా మారిపోతుంది.

ముందుగా చేయాల్సిన పరీక్ష ఇది. 06 పంపి, రిసీవ్ బఫర్ ఖాళీ చేసి, 05తో స్టేటస్ చదవండి. 2 వస్తే రైట్ ఎనేబుల్ అందింది, ఇక పేజీ ప్రోగ్రామ్ చివర సీఎస్ ఎప్పుడు లేస్తోందో చూడండి. 0 వస్తే 06 దగ్గరే తెగుతోంది. సరిచేశాక కూడా ఎఫ్ఎఫ్ వస్తుంటే సీఎస్, క్లాక్ రెండూ కనపడేలా చివరి మూడు బైట్ల క్యాప్చర్ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.