అంతా చదునే కదా అనుకోకు

అమ్మలూ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. సీనియర్ ఎవరో ఊరు వదిలి వెళ్తూ మౌంటెన్ బైక్ చవగ్గా ఇచ్చాడన్నావు. స్నేహితులందరూ సరస్సుల వైపు కొండలెక్కుదామంటుంటే నీకు భయమేసిందన్నావు. అందుకని మే నెలలో మిలాన్ నుంచి వరిపొలాల మీదుగా వెర్చెల్లి దాకా తొక్కుదామనుకుంటున్నావు. అంతవరకు బాగానే ఉంది. చివర్లో "అంతా చదునే కదా పెదనాన్నా, ఏముంది" అన్నావు చూడు, ఆ ఒక్క మాటకే ఈ ఉత్తరం రాయాల్సి వచ్చింది.

ఇటలీలో, మీ మిలాన్‌కు దగ్గర్లోనే ఉన్న పవీయాలో ఉద్యోగం చేసిన పదకొండేళ్లూ సెలవు దొరికితే నేను ఆ పొలాల్లోనే తిరిగాను. కొండ ఎక్కేటప్పుడు ఊపిరి ఆగిపోయినంత పనవుతుంది, నిజమే. కానీ దిగేటప్పుడు కాళ్లకు సెలవు. చదునులో ఆ సెలవు ఉండదు. ఆపావా, బండి ఆగిపోతుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే తీరున తొక్కుతూ, ఒకే తీరున కూర్చుని ఉంటే ముందు నొప్పి పుట్టేది కాళ్లలో కాదు. అరచేతులు తిమ్మిరెక్కుతాయి, తర్వాత మెడ, తర్వాత కూర్చునే చోటు. కాబట్టి పావుగంటకోసారి పెడల్స్ మీద లేచి నిలబడి కాసేపు తొక్కు. చేతులు మార్చి పట్టుకోవడానికి హ్యాండిల్ చివర కొమ్ములు బిగించుకో, పెద్ద ఖరీదేం కాదు. మెత్త ఉన్న సైక్లింగ్ నిక్కరు గురించి మీ పెద్దమ్మ నీకు విడిగా ఫోన్ చేసి చెబుతానంది. ఆవిడ చెప్పింది విను.

మౌంటెన్ బండితో చదునులో పనేమిటని మీ నాన్న నవ్వాడట. వాడికేం తెలుసు! ఆ పొలాల మధ్య దారులు సగం కంకర, సగం మట్టి. ట్రాక్టర్ చక్రాల గాడులు, గులకరాళ్లు, వాన పడితే రేగడిలాంటి బురద. సన్న టైర్ల బండి అక్కడ ఏడుస్తుంది. అయితే నీ టైర్లకున్న పెద్ద పెద్ద గుబ్బలు కూడా అక్కర్లేదు, తారు మీద అవి అనవసరంగా బలం తినేస్తాయి. మధ్యలో నున్నగా, అంచుల్లో కాస్త గరుగ్గా ఉండే టైర్లు వేయించుకో. ముందు ఫోర్కుకి లాక్ ఉంటే తారు మీద బిగించి, కంకర వచ్చాక వదిలెయ్. ఇంకో సంగతి, కాలువ గట్ల మీద రొబీనియా అనే ముళ్లచెట్లు చాలా ఉంటాయి. కంచెలు కొట్టేసిన కాలంలో ఆ ముళ్లు దారంతా పడి ఉంటాయి. మన పల్లేరుకాయలకు అన్నదమ్ములనుకో. ఒక స్పేర్ ట్యూబు చాలదు, రెండు పెట్టుకో.

ఇప్పుడు దారి. చదును నేలలో దారిని నిర్ణయించేది కొండ కాదు, నీళ్లు. ఇది కోనసీమలో పుట్టినవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. ఎదుటి ఊరు కళ్ల ముందే కనిపిస్తుంది, చర్చి గంట కూడా వినిపిస్తుంది. మధ్యలో కాలువ. వంతెన ఎక్కడో మూడు కిలోమీటర్ల అవతల. మీ తాతయ్య రేవు దాకా నడిచి, పడవ దాటి, మళ్లీ వెనక్కి నడిచి వెళ్లేవారు, గుర్తుందా? అక్కడా అంతే. ఫోన్‌లో మ్యాపు చూపించే ప్రతి సన్న గీతా దారి అనుకోకు. కొన్ని పొలం యజమాని గేటు దగ్గర ఆగిపోతాయి, కొన్ని బోదె గట్టు మీద గడ్డిలో కలిసిపోతాయి. ముందురోజు రాత్రి కూర్చుని దారిని కాదు, వంతెనల్ని గుర్తుపెట్టుకో. దారి తర్వాత అదే దొరుకుతుంది.

మిలాన్‌లో దార్సెనా అనే పాత పడవల రేవు దగ్గర మొదలుపెట్టు. నగరం దాటేదాకా ట్రామ్ పట్టాలతో జాగ్రత్త. వాటిని అడ్డంగా, నిటారుగా దాటాలి. ఏటవాలుగా వెళ్తే ముందు చక్రం సందులో ఇరుక్కుంటుంది. నేనలా పడి మోచేతికి ఐదు కుట్లు వేయించుకున్నాను, అదీ బయల్దేరిన పది నిమిషాలకే. అక్కడి నుంచి నవీల్యో గ్రాందె కాలువ పక్కనే అబ్యాతెగ్రాస్సో దాకా ఇరవై పైచిలుకు కిలోమీటర్లు, సైకిళ్లకు మంచి దారి. పన్నెండో శతాబ్దంలో తవ్వడం మొదలుపెట్టిన కాలువ అది. మిలాన్ పెద్ద చర్చికి పాలరాయి దాని మీదే పడవల్లో వచ్చింది. 50 కిలోమీటర్ల పొడవుకీ కలిపి వాలు 34 మీటర్లే. నీళ్లు నీకు ఎదురొస్తుంటాయి గనక నువ్వు ఎగువకు వెళ్తున్నట్టు లెక్క. కాలికి మాత్రం తెలియదు. ఆదివారం ఈ ముక్క మీదకు రాకు. ఊరు ఊరంతా పిల్లలతో, కుక్కలతో అక్కడే ఉంటుంది.

అబ్యాతెగ్రాస్సో దగ్గర కాస్తెల్లెత్తో అనే చోట కాలువ ఉత్తరానికి తిరుగుతుంది. నువ్వు దాన్ని వదిలేసి, అక్కడే చీలే బెరెగ్వార్దో కాలువ పట్టుకో. ఇక నీళ్లు నీతోపాటే దక్షిణానికి వస్తాయి. నాకు ఆ దారంతటిలో అన్నిటికన్నా ఇష్టమైన ముక్క ఇదే. జనం పలచబడతారు. పదిహేనో శతాబ్దపు కాలువ, పదికి పైగా పాత లాకులున్నాయి. మన ధవళేశ్వరం, విజ్జేశ్వరం లాకులు చూసినదానివి కాబట్టి, తలుపులు లేని ఆ ఇటుక గోడల్ని చూడగానే ఇక్కడ పడవ ఎలా దిగేదో నీకు అర్థమైపోతుంది. దారిలోనే మొరిమోందో మఠం. 1134లో ఫ్రాన్సు నుంచి వచ్చిన సన్యాసులు స్థాపించారు. బురద నేలను బాగుచేసి, నీళ్లు పారించి సేద్యం చేసినవాళ్లు వాళ్లు. లోపల ఏ అలంకారమూ లేని ఎత్తైన ఇటుక స్తంభాలు, చల్లగా ఉంటుంది. హెల్మెట్ తీసి అరగంట కూర్చో.

బెరెగ్వార్దో దాటాక తిచీనో నది వస్తుంది. నువ్వు రాత్రికి ఆగాల్సిన విజేవానో ఊరికి దగ్గర దారి పెద్ద రోడ్డు వంతెనే, కానీ నేనున్న రోజుల్లో అది ఇరుకు, లారీలు మీద మీదకు వచ్చేవి. అందుకే నిన్ను ఇంత చుట్టు తిప్పుతున్నాను. ఇక్కడ పడవల వంతెన ఉంది. వరసగా కట్టిన పడవల మీద పలకలు పరిచిన వంతెన. కారు వెళ్తే కిందంతా టకటకలాడుతుంది. కార్లు వెళ్లిపోయాక నువ్వు నెమ్మదిగా దాటు, నడుచుకుంటూ దాటినా తప్పులేదు. వరద తీసీతీయగానే మాత్రం ముందు కనుక్కుని వెళ్లు, నది పొంగితే మూసేస్తారు. అవతలి ఒడ్డుతో లోమెల్లీనా అనే వరిపొలాల సీమ మొదలు. జెర్బొలో, బోర్గో సాన్ సీరో మీదుగా పైకి తిరిగి రాత్రికి విజేవానో చేరుకో. మొత్తం అరవై డెబ్బై కిలోమీటర్లు అవుతుంది. మొదటి రోజుకు అది ఎక్కువే, తక్కువేం కాదు.

లోమెల్లీనాని మే నెలలో చూడాలి. ఏప్రిల్ నుంచి మళ్లకు నీళ్లు పెడతారు. మేలో చూస్తే నేలే కనిపించదు, గళ్లు గళ్లుగా సముద్రం పరిచినట్టు ఉంటుంది. గట్ల మీద కొంగలు. ఆకాశం శుభ్రంగా ఉన్న పొద్దున వాయవ్య దిక్కున మోంతే రోజా, 4,634 మీటర్ల మంచుకొండ, మడిలో తలకిందులుగా కనిపిస్తుంది. మన ఊళ్లో కొబ్బరిచెట్లు కనిపించినట్టే. నాట్లు మాత్రం వెతకకు. ఒకప్పుడు వందల మంది ఆడవాళ్లు మోకాలి లోతు నీళ్లలో వంగి కలుపు తీసిన పొలాలవి. ఇప్పుడు యంత్రాలు విత్తనం వెదజల్లుతాయి. మైళ్ల తరబడి మనిషి కనిపించడు. అందుకే నీళ్ల సీసాలు రెండుండాలి. కాలువ నీళ్లు ఎంత తేటగా కనిపించినా ముట్టుకోకు. ఊళ్లలో పంపు కనిపించిన ప్రతిచోటా నింపుకో, పక్కన "నోన్ పొతాబిలే" అని రాసి ఉంటే మాత్రం తాగే నీళ్లు కావని అర్థం.

దోమలు. మన దోమలే నయం అనిపిస్తుంది. సాయంత్రం ఆరు దాటాక పొలాల్లో ఆగి ఫోటోలు తీయకు, తొక్కుతూనే ఉండు. మేలోనే పోప్లార్ చెట్ల దూది గాల్లో ఎగురుతుంది, కళ్లద్దాలు లేకుండా బయల్దేరకు. గట్ల అంచు మరీ దగ్గరగా వెళ్లకు. నూత్రియా అని పందికొక్కుకి పెద్దన్నలాంటి జంతువు ఉంటుంది, గట్లను లోపల్నుంచి డొల్ల చేసేస్తుంది. కషీనాలంటే చుట్టూ ఇళ్లు, మధ్యలో పెద్ద వాకిలి ఉన్న పాత రైతు లోగిళ్లు. వాటి కుక్కలు అరుస్తాయి, వెంటపడతాయి. దిగి సైకిల్‌ను నీకూ కుక్కకూ మధ్య పెట్టుకుని నడువు. పొలం హద్దు దాటగానే దాని డ్యూటీ అయిపోతుంది.

విజేవానోలో పియాజ్జా దుకాలే చూడకుండా నిద్రపోకు. 1492 నుంచి 1494 వరకు రెండేళ్లలో కట్టిన చౌకు అది. మూడు వైపులా వంపుల వసారాలు, నాలుగో వైపు చర్చి. చౌకు నేలంతా నదిలో ఏరిన గులకరాళ్లే. మౌంటెన్ బండి అయినా అక్కడ దిగి నడిపించు, పళ్లు రాలేలా అదురుతుంది. చౌకులో ఒక కాఫీ తాగి, వెనకే ఉన్న కోటలో తిరుగు. గుర్రాలు వెళ్లడానికి కట్టిన కప్పు వేసిన దారి ఉంటుంది లోపల. చెప్పులు కుట్టడంలో పేరున్న ఊరు అది, బూట్ల మ్యూజియం కూడా ఉంది. నేను పోలేదు, మీ పెద్దమ్మ రెండుసార్లు వెళ్లింది.

రెండో రోజు నలభై అయిదు కిలోమీటర్లే. మొర్తారా, రొబ్బియో, పలేస్త్రో, సెసియా నది దాటితే వెర్చెల్లి. మొర్తారా నుంచి నువ్వు వెళ్లేది వీయా ఫ్రాంచీజెనా, అంటే ఇంగ్లండులోని కాంటర్బరీ నుంచి రోమ్‌కు యాత్రికులు నడిచిన దారి. కాకపోతే నువ్వు ఎదురు దిక్కున వెళ్తున్నావు. వీపు మీద సంచులతో ఎదురొచ్చేవాళ్లకు దారి ఇచ్చి, "బ్వోన్ కమ్మీనో", అంటే శుభయాత్ర, అను. గంట మోగించి మీద పడకు.

తిండి సంగతి చెప్పకపోతే పెదనాన్నను కాను. అక్కడ చిన్న ఊళ్లు మధ్యాహ్నం పన్నెండున్నరకు తలుపులు వేసేస్తే మూడున్నర దాకా తీయవు. మొదటి ఏడాది రెండుంపావుకి రొబ్బియో చేరాను. ఆకలితో కళ్లు తిరుగుతున్నాయి. వంటిల్లు మూసేశామన్నారు. మెషిన్‌లో దొరికిన బిస్కెట్లు తిని చర్చి మెట్ల మీద పడుకున్నాను. పన్నెండింటికల్లా టేబుల్ ముందు కూర్చో. సోమవారం అసలు బయల్దేరకు, సగం ఊరు మూసి ఉంటుంది. రిజొత్తో, అంటే అక్కడి మెత్తటి అన్నం వంటకం, అడిగితే అప్పటికప్పుడు వండుతారు, ఇరవై నిమిషాలు పడుతుంది. కొన్నిచోట్ల ఇద్దరికైతేనే వండుతామంటారు కాబట్టి ఎవరినైనా తోడు తీసుకెళ్లు. లేకపోతే రిజొత్తో ఆశ వదులుకో. నువ్వు పంది తినవు కదా. మొర్తారాలో పెద్దబాతు సలామీ అని గొప్పగా పెడతారు. పేరు బాతుదే, లోపల పంది మాంసం కూడా కలుస్తుంది. వెర్చెల్లి పనిస్సా చూడ్డానికి బొబ్బర్లన్నంలా ఉంటుంది, దాంట్లోనూ సలామీ ఉంటుంది. ముందే అడుగు.

ఒక సంగతి చెబితే నీకు నచ్చుతుంది. బేర్డ్ స్మిత్ అని బ్రిటిష్ ఇంజనీరు 1850 ప్రాంతంలో ఈ ఇటలీ కాలువల్ని తిరిగి చూసి పెద్ద నివేదిక రాశాడు. కొన్నేళ్లకు అదే మనిషి మన గోదావరి, కృష్ణా కాలువల మీద కూడా నివేదిక రాశాడు. అప్పటికి కాటన్ దొర ఆనకట్ట కట్టి నాలుగేళ్లే. రెండు డెల్టాలూ చూసిన కళ్లు అవి. వెర్చెల్లికి ఉత్తరంగా కావూర్ కాలువ ఉంది, 1863 నుంచి 1866 వరకు తవ్వారు. మన గన్నవరం అక్విడక్టు కాలువను నది మీదుగా దాటిస్తుంది కదా, అక్కడ కాలువను సెసియా నది కిందుగా దాటించారు. ఓపిక మిగిలితే మూడో రోజు చూడు. లేకపోతే మానెయ్. అది చూడాలంటే ఇంజనీర్ల పిచ్చి ఉండాలి.

చీకటి పడితే ఊరు బయట లైట్లు, మెరిసే జాకెట్ తప్పనిసరి. అది చట్టం. మే చివర్లో తొమ్మిది దాకా వెలుతురుంటుంది కాబట్టి ఆ అవసరం రాకూడదు. వచ్చిందంటే ఎక్కడో ఎక్కువసేపు ఆగావన్నమాట. ఆగడం మంచిదే, కానీ జాకెట్ సంచిలో ఉండాలి.

తిరుగు ప్రయాణం వెర్చెల్లిలో మిలాన్ వెళ్లే రెజొనాలే, అంటే ప్రాంతీయ రైలు ఎక్కు. సైకిల్‌కు వేరే టికెట్ కొనాలి. సైకిల్ బొమ్మ వేసిన పెట్టె ఎక్కడ ఆగుతుందో ప్లాట్‌ఫారం మీద ముందే చూసుకో, లేకపోతే రైలు పొడుగునా పరిగెత్తాలి. రైలెక్కేముందు స్టేషన్ ఎదురుగానే ఉన్న సాంత్ అంద్రేయా చర్చి చూడు, 1227కల్లా కట్టడం పూర్తయింది. తర్వాత ఊళ్లో ఏదైనా దుకాణంలో కార్నరోలి బియ్యం ఒక కిలో కొను. సంచిలో బరువని వెనకాడకు. మీ పెద్దమ్మ దాంతో చక్కెర పొంగలి చేస్తే ఎలా ఉంటుందో నీకు తెలియదు. సంక్రాంతికి వచ్చేటప్పుడు తీసుకురా.

మీ పెదనాన్న