ఒక్కరమే ఇంట్లో ప్రార్థన చేసుకుంటే సరిపోదా?

మీరు అడిగింది ఇది: "మా విచారణలో, అంటే మా చర్చి సంఘంలో, గుంపులు, చాటుమాటలు చూసి విసిగిపోయాను. ఇంట్లోనే జపమాల చెప్పుకుంటున్నాను, టీవీలో పూజ చూస్తున్నాను. దేవుడికీ నాకూ మధ్య ఇంకొకరు ఎందుకు? సంఘంలో బతకాలని శ్రీసభ (కతోలిక చర్చి) ఎందుకంత గట్టిగా చెబుతుంది?"

నేనూ మూడేళ్లు దాదాపు ఇలాగే ఉన్నాను. గుంటూరు జిల్లా పల్లె నుంచి ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చిన కొత్తలో చివరి వరసలో నిలబడి, సత్ప్రసాదం తీసుకుని, ఆశీర్వాదం కాకముందే బండి తీసేవాణ్ని. గుడిలో ఒక్కరి పేరూ తెలియదు. ఒక వానాకాలం డెంగ్యూ వచ్చి ఐదు రోజులు రూమ్‌లో పడి ఉన్నాను. గంజి పంపింది కింది పోర్షన్‌లో ఉండే ముస్లిం ఆంటీ. నేను కిందికి దిగట్లేదని గమనించింది ఆవిడ ఒక్కతే. గుడివాళ్ల మీద నాకు కోపం రాలేదు. నేనెవరో తెలిసే అవకాశం వాళ్లకు నేనెప్పుడిచ్చాను?

కోలుకున్నాక సత్యోపదేశం, అంటే కతోలిక బోధనంతా ఒకచోట చేర్చిన శ్రీసభ అధికారిక గ్రంథం, చదివాను. 1992లో వచ్చిన ఆ గ్రంథంలో 1877వ పేరా నుంచి ఈ విషయమే ఉంటుంది. సమాజంలో బతకడం మనిషికి పైనుంచి తగిలించింది కాదు, అతని స్వభావమే దాన్ని కోరుకుంటుంది అంటుంది 1879వ పేరా. దానికి ముందు పేరాలో ఉన్న కారణమే నన్ను ఎక్కువ కదిలించింది. మనం నమ్మే దేవుడే ఒంటరి కాడు. తండ్రి, కుమారుడు, పవిత్రాత్మల ఐక్యతకూ మనుషుల మధ్య ఉండాల్సిన సోదరభావానికీ పోలిక ఉందట. అంటే పక్కవాడు నాకూ దేవుడికీ మధ్య అడ్డు కాదు.

తర్వాత, పేదల ఇళ్లకు వెళ్లి సాయం చేసే ఒక చిన్న బృందంలో చేరాను. అక్కడ మేం చేసిన ఒక తప్పు చెప్పాలి. భర్త పోయిన ఒక అక్కకు అందరం చందాలు వేసి కుట్టుమిషన్ కొనిచ్చాం. ఫొటో కూడా తీసుకున్నాం. నాలుగు నెలల తర్వాత వెళ్తే అది దుప్పటి కప్పుకుని మూలన ఉంది. ఆమెకు కుట్టు రాదు, నేర్చుకోవాలనీ లేదు. పెళ్లికి ముందు వాళ్లమ్మతో కలిసి టిఫిన్ బండి నడిపింది. "నా గ్రైండర్ బాగుచేయిస్తే చాలునన్నా, మీరు అడగలేదు" అంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. మిషన్ ఇంకొకరికి ఇచ్చి, గ్రైండర్ బాగుచేయించి, ఒక గ్యాస్ స్టవ్ కొన్నాం. బండి నడుస్తోంది. ఇప్పుడు ఆ వీధిలో ఎవరింటికి ముందు వెళ్లాలో మాకు చెప్పేది ఆమే.

మేం మీరిన సూత్రానికి పేరుంది: సబ్సిడియారిటీ. 1931లో పదకొండవ భక్తినాథ పోపుగారు, అంటే పయస్, దీన్ని స్పష్టంగా రాశారు. ఒక మనిషి, ఒక కుటుంబం, ఒక చిన్న సంఘం తన చేతులతో చేసుకోగల పనిని పైనున్న పెద్ద వ్యవస్థ లాక్కోకూడదు. వాళ్ల వల్ల కానప్పుడు ఆసరా ఇవ్వాలి. ఇటలీలో ఫాసిస్టు ప్రభుత్వం అన్నిటినీ తన గుప్పిట్లోకి తీసుకుంటున్న రోజుల్లో చెప్పిన మాట అది. సంఘం గురించిన బోధలో నాకు అన్నిటికన్నా విలువైనది ఇదే. మనల్ని కలిసి బతకమంటుంది, కానీ ఆ కలయికలో ఎవరి వ్యక్తిత్వాన్నీ మింగేయనివ్వదు.

ఇక గుంపుల సంగతి. మీ బాధ నిజమైనది, దాన్ని తేలిగ్గా తీసుకోను. మా ఊరి గుడిలో ఒకప్పుడు కులాన్ని బట్టి కూర్చునే చోటు ఉండేదని మా నాయనమ్మ చెప్పేది, ఆ మాట చెప్పినప్పుడల్లా గొంతు మారేది. ప్రపంచంలోని కతోలిక బిషప్పులంతా కూడిన రెండవ వాటికన్ మహాసభ 1965లోనే ఇలాంటి వివక్ష దేవుని సంకల్పానికి విరుద్ధమని, దాన్ని తుడిచిపెట్టాలని చెప్పింది. 2022 ఆగస్టు 27న హైదరాబాద్ అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు, అంటే పోపు తర్వాతి స్థాయికి చేరారు, దళితుల్లోంచి ఆ స్థానానికి చేరిన మొదటి వ్యక్తి. ఆ రోజు మా అమ్మ ఫోన్లో ఏడ్చింది. అలాగని కులం మన గుడుల్లోంచి పోయిందని నేను అనను.

సత్యోపదేశం కూడా "మనసులు మారితే చాలు" అని ఊరుకోదు. మనసు మారడం ముందు, కానీ పాపానికి దారితీసే ఏర్పాట్లను కూడా సరిదిద్దాలి అంటుంది 1888వ పేరా. అది ఇంట్లో కూర్చుని అయ్యే పని కాదు. ఆరోగ్యం బాగోలేకనో, ఇంట్లో మంచాన పడ్డవారిని చూసుకోవాల్సి వచ్చో మీరు టీవీ పూజ చూస్తుంటే అది వేరు. విసుగు ఒక్కటే కారణమైతే, ఈ ఆదివారం వెళ్లండి. కమిటీల జోలికి పోకండి. పూజ అయ్యాక పది నిమిషాలు మెట్ల దగ్గర ఆగి, ఒంటరిగా వచ్చిన ఒక్కరి పేరు కనుక్కోండి. నేను మళ్లీ మొదలుపెట్టింది అలాగే.