పంపులో పాలు రావడం లేదంటే మీకు పాలు లేవని కాదు

రాయగడ నుంచి రాసిన చెల్లీ, మీ ప్రశ్న చదువుతుంటే నాలుగేళ్ళ కిందటి నన్ను నేనే చూసుకున్నట్టుంది. పాపకి మూడో నెల, ఇరవై రోజుల్లో డ్యూటీలో చేరాలి, రొమ్ము పాలు పిండే పంపు అరగంట పెట్టినా 30 మి.లీ. దాటడం లేదు, ఇంట్లో డబ్బా పాలు మొదలుపెట్టమంటున్నారు. ఇంతే కదా?

ముందు పాపని చూడండి. రోజుకి ఆరుసార్లకి తగ్గకుండా ఉచ్చ పోస్తూ, బరువు పెరుగుతూ ఉంటే మీకు పాలు చాలినన్ని ఉన్నట్టే. పాప తాగాక పంపు పెడితే రెండు వైపులా కలిపి 15 నుంచి 60 మి.లీ. రావడం మామూలే. అది తాగగా మిగిలినది మాత్రమే. సీసాలోని గీతలు చూసి మీ పాలు కొలుచుకోకండి.

మాది పర్లాకిమిడి. షేర్ ఆటోలో సరిహద్దు దాటి పాతపట్నం వైపు ఒక ప్రైవేటు స్కూలుకి వెళ్ళి లెక్కలు చెప్తాను. మొదట మందుల షాపులో దొరికే రబ్బరు బుడ్డి పంపు కొన్నాను, సైకిల్ హారన్‌లా ఉంటుంది చూడండి, అది. పాలు రాలేదు సరికదా చనుమొన చిట్లింది. పైగా ఆ బుడ్డి లోపల శుభ్రంగా కడగడం కుదరదు. దాని జోలికి పోవద్దు. తర్వాత తమ్ముడు విశాఖ నుంచి కరెంటు పంపు పంపాడు. ఎంత గట్టిగా లాగితే అన్ని పాలు అనుకుని సక్షన్ ఆఖరి నంబరులో పెట్టాను. కళ్ళలో నీళ్ళొచ్చాయి గానీ పాలు రాలేదు.

అది చూసి మా అమ్మ అంది, "ఆవైనా దూడని వదిల్తేనే చేపుతుంది కదే. చేపు రాకుండా పిండితే ఏం వస్తాయి?"

అసలు విషయం అదే. చేపు రావాలంటే, అంటే రొమ్ములోని పాలు ముందుకి దిగాలంటే, ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలవ్వాలి. నొప్పి, టెన్షన్ ఉంటే దానికి అడ్డు పడుతుంది. అందుకే సక్షన్‌ని నొప్పి పుట్టని చోట ఆపాలి. పంపులో మొదట తేలిగ్గా, గబగబా లాగే మోడ్ ఉంటుంది. దూడ మూతితో పొదుగు కుమ్మడం లాంటిది. పాలు ధారగా రావడం మొదలయ్యాకే నెమ్మదిగా, బలంగా లాగే మోడ్‌కి మార్చాలి. ధార ఆగాక పంపు తీసేయకండి. మళ్ళీ మొదటి మోడ్‌కి వెళ్తే కాసేపటికి రెండో చేపు వస్తుంది. నాకు సగం పాలు ఆ రెండోసారే వచ్చేవి.

ఇక గరాటు, అదే ఫ్లాంజ్. మా పంపుతో 24, 28 సైజులు వచ్చాయి. టీకాలకి బరంపురం వెళ్ళినప్పుడు అక్కడి నర్సక్క చూసి, ఇది మీకు పెద్దదమ్మా అంది. చనుమొన ఒక్కటే గొట్టంలో రాసుకోకుండా ఆడాలి, చుట్టూ ఉన్న నల్లటి భాగం పెద్దగా లోపలికి పోకూడదు. నాకు అదంతా లోపలికి పోయేది. 21 తెప్పించుకున్న వారంలోనే తేడా తెలిసింది. మీది కొత్త పంపు కాకపోతే చిన్న రబ్బరు వాల్వ్ కూడా మార్చండి. అది సాగిపోతే మోటారు మోగుతూనే ఉంటుంది, లాగడం మాత్రం ఉండదు.

పంపు నడుస్తుండగా చేతులూ పని చేయాలి. ముందు వేడి గుడ్డతో కాపడం, తర్వాత చంక వైపు నుంచి ముందుకి మెల్లగా నిమురుతూ, గట్టిగా తగిలిన చోట కాస్త అదమడం, చివర రెండు నిమిషాలు చేత్తో పిండడం. అమెరికాలో జేన్ మోర్టన్ అనే పిల్లల డాక్టరు నెలలు నిండని బిడ్డల తల్లులకి ఇలాగే నేర్పితే పాలు పెరిగాయని 2009లో ప్రచురించారు. సీసాకి పాప మేజోడు తొడిగేయండి. అందులోకి తొంగిచూడకపోతేనే ఎక్కువ వస్తాయి, నవ్వకండి!

తెల్లవారుజామున పాప ఒక వైపు తాగుతుంటే రెండో వైపు పంపు పెట్టండి. ఆ వేళ పాలు ఎక్కువ. రొమ్ము నిండుగా ఉంచుకుంటే తయారీ తగ్గుతుంది, ఖాళీ అయ్యే కొద్దీ పెరుగుతుంది. అందుకే గంటసేపు ఒక్కసారి పెట్టేకన్నా పావుగంట చొప్పున ఎక్కువసార్లు పెట్టడం మేలు. అలాగని అతిగా పిండితే గడ్డలు కడతాయి. ఎర్రబడి జ్వరం వస్తే డాక్టరు దగ్గరికే వెళ్ళాలి.

పాలసొర పిట్టు, వెల్లుల్లి కారం, బొప్పాయి కాయ కూర మా అత్తయ్య అన్నీ పెట్టారు. కమ్మగా తిన్నాను. పాలు పెరిగింది మాత్రం గరాటు మార్చాకే, ఈ మాట ఆవిడతో అనలేదు.

దాచడంలో ఒక దెబ్బ తిన్నాను, మీరు తినకండి. ఫ్రిజ్‌లో పెట్టిన పాలపైన మీగడ తేలి, కింద నీళ్ళలా కనబడతాయి. విరిగిపోయాయనుకుని అత్తయ్య 90 మి.లీ. సింకులో పారబోసేశారు. సాయంత్రం వచ్చి ఏడ్చాను. గోరువెచ్చని నీళ్ళలో గిన్నె పెట్టి మెల్లగా తిప్పితే కలిసిపోతాయని ఇంట్లో వాళ్ళకి ముందే చెప్పండి. పిండిన పాలు 25 డిగ్రీల వరకు ఉన్న గదిలో 4 గంటలు, ఫ్రిజ్ లోపలి వైపు 4 రోజులు ఉంటాయి. మన వేసవి ఎండలకి ఆ 4 గంటలు నమ్మొద్దు. నేను ఐస్ ప్యాకులున్న సంచిలో తెచ్చేదాన్ని. పాపకి ఉగ్గుగిన్నెతో పట్టించాం, సీసా అలవాటు చేయలేదు.

స్కూల్లో సైన్స్ ల్యాబ్ వెనక గది అడిగితే ఇచ్చారు. బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా మామూలు విరామం కాక రోజుకి రెండు విరామాలు చట్టంలోనే ఉన్నాయి, మొహమాటపడకుండా అడగండి. కరెంటు పోతే పనికొస్తుందని చేతి పంపు కూడా ఒకటి సంచిలో ఉండేది.

మీ గరాటు అంచున ఏ నంబరు ఉందో చూసి ఇక్కడే రాయండి. నొప్పి ఏ వైపు, ఎప్పుడు వస్తోందో కూడా చెప్పండి.