గాలి రాని రోజుకూ బడ్జెట్ ఉండాలి

ప్రశ్న: నేను, మావారు, మా తమ్ముడు కలిసి కాంపర్‌వ్యాన్ అద్దెకు తీసుకుని పది రోజులు సముద్రతీరం వెంట తిరిగి రావాలనుకుంటున్నాం. అందులో ఒక రోజు పూర్తిగా విండ్‌సర్ఫింగ్‌కే, అంటే సెయిల్ (తెరచాప) బిగించిన బోర్డు మీద నిలబడి గాలి బలంతో నీళ్ల మీద సాగడానికే. ముగ్గురికీ కొత్తే. ‘అద్దెలు దండగ, సెకండ్‌హ్యాండ్‌లో బోర్డు, సెయిల్ ఒక సెట్ కొనేద్దాం, వ్యాన్‌లో పడేసుకుని పోవచ్చు’ అని తమ్ముడు పట్టుబడుతున్నాడు. ట్రిప్ కోసం దాచినదాంట్లో సెట్ కొనేంత మిగలదు. అత్యవసర నిధిలోంచి తీయాలా, పర్సనల్ లోన్‌కు వెళ్లాలా?

జవాబు: రెండూ వద్దండీ. అసలు సెట్టే వద్దు. మీ తమ్ముడి లెక్కలో కూడికలు బాగానే ఉండుంటాయి, గాలి ఒక్కటే లేదు. దాని సంగతికి వచ్చేముందు మీరు అడిగిన లోన్ విషయం తేల్చేద్దాం.

12 శాతం వడ్డీకి మూడేళ్ల లోన్ తీసుకుంటే, ప్రతి 100కి మీరు తిరిగి కట్టేది దాదాపు 120. ప్రాసెసింగ్ ఫీజు దానికి అదనం. ట్రిప్ పది రోజుల్లో అయిపోతుంది, ఈఎంఐలు మాత్రం 36 నెలలు నడుస్తాయి. ఆ మూడేళ్లూ బోర్డు విలువ తగ్గుతూ పోతుంది. అత్యవసర నిధి మాటంటారా, అది ఉద్యోగం పోయినప్పుడో ఆస్పత్రి పాలైనప్పుడో ఆదుకోవడానికి దాచుకున్నది. సరదా ఖర్చుకు ఒకసారి అందులో చెయ్యి పెడితే రెండోసారి మొహమాటం కూడా ఉండదు.

ఇప్పుడు కొనడమా, అద్దెకా అన్నది. ‘ఎన్ని రోజుల అద్దెకు సెట్ ధర సమానం’ అని మీ తమ్ముడు చూస్తున్నారు. చూడాల్సింది వేరు. కొన్న ధరలోంచి తిరిగి అమ్మితే వచ్చేది తీసేసి, రిపేర్లు కలిపి, నిజంగా నీళ్లలో దిగే రోజులతో భాగించాలి. ఉదాహరణకు సెట్ ధర 20 రోజుల అద్దెతో సమానం, అమ్మితే సగం వస్తుంది అనుకుందాం. అంటే పది రోజులు వాడితే గానీ గిట్టదు. ఏడాదికి ఒక ట్రిప్, అందులో గాలి కుదిరేది రెండు రోజులు అనుకుంటే దానికి ఐదేళ్లు పడుతుంది.

అన్నాళ్లు ఆ బోర్డు మీకు పనికొస్తుందా అంటే, అదీ అనుమానమే. కొత్తవాళ్లకు ఇచ్చేది ఘనపరిమాణం 200 లీటర్ల చుట్టుపక్కల ఉండే వెడల్పాటి బోర్డు, చిన్న సెయిల్. మీద నిలబడి, సెయిల్ పైకి లాగి, వెనక్కి తిరిగి రావడం వచ్చేసిందంటే దాని పని అయిపోయినట్టే, చిన్న బోర్డు మీదికి మనసు పోతుంది. సెయిల్ కూడా ఒకటితో సరిపోదు. గాలి తక్కువైతే పెద్దది, ఎక్కువైతే చిన్నది కావాలి. పైగా ఉన్న ఒక్క సెట్టుతో ఒకరు నీళ్లలో ఉంటే ఇద్దరు ఒడ్డున కూర్చోవాలి. ఒలింపిక్స్‌లో కూడా 2008 నుంచి టోక్యో ఆటల దాకా వాడిన ఆర్ఎస్‌ఎక్స్ బోర్డును పక్కన పెట్టి, 2024 పారిస్ ఆటలకు నీళ్ల పైకి లేచి తేలే ఐక్యూఫాయిల్‌ను తెచ్చారు. డిజైన్లు ఇలా మారుతూ ఉంటాయి కాబట్టే పాత సరుకు చవగ్గా దొరుకుతుంది, మనం అమ్మబోయినప్పుడూ అంత చవగ్గానే పోతుంది.

అంతగా చూడాలని ఉంటే ఎవరిదైనా సెకండ్‌హ్యాండ్ సెట్ దగ్గరికి వెళ్లి బోర్డు ముక్కు తడిమి చూడమనండి. మనిషి ముందుకు విసిరేసినట్టు పడినప్పుడు మాస్ట్ (సెయిల్‌ను నిలబెట్టే స్తంభం) వచ్చి తగిలేది అక్కడే. పైన రంగు కొత్తగా మెరుస్తూ చుట్టూ పాతగా ఉందంటే అతుకు వేసినట్టే. సెయిల్‌కు ఉండే పారదర్శక భాగాన్ని మెల్లగా వంచితే సన్నగా చిటపటలాడిందంటే ఎండకు పెళుసెక్కినట్టు. ఈ రెండూ ఫొటోల్లో కనిపించవు.

ఇక గాలి సంగతి. నేర్చుకునేవాళ్లకు 8 నుంచి 12 నాట్ల గాలి బాగుంటుంది, అంటే గంటకు సుమారు 15 నుంచి 22 కిలోమీటర్లు. తగ్గితే బోర్డు మీద నిలబడి ఊరికే తేలుతుంటారు. పెరిగితే కష్టం మరీ ఎక్కువ, ఎందుకంటే గాలి వేగం ఒకటిన్నర రెట్లయితే సెయిల్ మీద పడే బలం రెండు రెట్లు దాటిపోతుంది. మీరు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకున్న రోజునే గాలి సరిగ్గా ఈ మధ్యలో వీస్తుందని ఎవరు హామీ ఇస్తారు?

అందుకే శిక్షణ కేంద్రంలో బుక్ చేసేటప్పుడు తక్కువ రేటు చూసి మోసపోకండి. రద్దు చేసుకుంటే పైసా రాని టికెట్ 80, గాలి లేకపోతే పూర్తిగా వెనక్కిచ్చేది 100 అనుకుందాం. మొదటిదాంట్లో గాలి ఉన్నా లేకపోయినా 80 పోతుంది. రెండోదాంట్లో నీళ్లలో దిగితేనే 100. పదిసార్లలో ఎనిమిదిసార్లకు మించి గాలి కుదురుతుందన్న నమ్మకం ఉంటేనే చవక టికెట్ నిజంగా చవక. సముద్రం ఒడ్డున అంత నమ్మకం నాకైతే ఉండదు. ‘వాతావరణం బాగా లేకపోతే’ అని మాత్రమే రాసి ఉంటే, గాలి లేకపోవడం అందులోకి వస్తుందో రాదో రాతపూర్వకంగా అడగండి. ఎండ కాస్తూ, ఆకు కదలని రోజును చాలామంది బాగున్న వాతావరణం కిందే లెక్కేస్తారు.

రోజంతా అద్దె కూడా అక్కర్లేదు. చాలా తీరాల్లో ఎండ రోజున నేల వేడెక్కే కొద్దీ సముద్రపు గాలి ఊపందుకుని, మధ్యాహ్నానికి గట్టిపడుతుంది. కొత్తవాళ్లు ఉదయం పది ప్రాంతంలో రెండు గంటల క్లాసు తీసుకుంటే చాలు. ఆ రెండు గంటలకే అరచేతులు మండుతాయి, నడుం పట్టేస్తుంది. ఆ తర్వాత డబ్బు కట్టిన బోర్డు ఇసుకలోనే పడి ఉంటుంది. క్లాసు రేటులో వెట్‌సూట్ (నీళ్లలో ఒంటి వేడి నిలిపే బిగుతు దుస్తులు), లైఫ్‌జాకెట్, రెస్క్యూ బోటు ఉన్నాయో లేదో చూడండి. ఒడ్డు నుంచి సముద్రంలోకి గాలి వీచే రోజు ఒడ్డు దగ్గర నీళ్లు ప్రశాంతంగానే కనిపిస్తాయి, మనిషి మాత్రం తెలియకుండా లోపలికి పోతాడు. బోటు లేని కేంద్రం ఎంత చవకైనా నేను లెక్కలోకే తీసుకోను.

గాలి కోసం ఆగితే వ్యాన్ అద్దె, క్యాంప్‌సైట్ రుసుము ఆగవు కదా. కాబట్టి విండ్‌సర్ఫింగ్‌ను ట్రిప్ చివరి రోజుకు పెట్టుకోకండి. మూడో రోజుకో నాలుగో రోజుకో పెట్టుకుని, తర్వాత రెండు రాత్రుల మకాం మార్చుకునే వీలు ఉంచుకోండి. చివర్లో పెట్టుకుని ఒక రోజు ఆగారంటే వ్యాన్ ఆలస్యంగా ఇచ్చినందుకు జరిమానా కూడా పడుతుంది. మొత్తం బడ్జెట్‌ను 100 అనుకుంటే, అందులో 10 ఏ పద్దు కిందా రాయకుండా వదిలేయండి. గాలి రాకపోతే ఖర్చయ్యేది అదే.

వ్యాన్ దగ్గర జనం పొరపడే చోటు డిపాజిట్. కంపెనీ ఆ మొత్తాన్ని కార్డు మీద బ్లాక్ చేస్తుంది. క్రెడిట్ కార్డయితే పరిమితిలో అంత తగ్గుతుంది, డెబిట్ కార్డయితే ఖాతాలో ఉన్న సొంత డబ్బే చేతికి అందదు. వ్యాన్ అప్పగించాక కూడా అది విడుదల కావడానికి కొన్ని రోజులు పట్టొచ్చు. శిక్షణ కేంద్రమూ సామాను కోసం ఇంకో డిపాజిట్ అడిగితే, రెండూ ఒకే కార్డు మీద పడి, ఇంధనం దగ్గర కార్డు పనిచేయక నిలబడాల్సి వస్తుంది. వ్యాన్‌కు ఒక కార్డు, మిగతా ఖర్చులకు ఇంకొకటి పెట్టుకోండి.

బీమాలో ‘మీరు భరించాల్సిన మొత్తం’ ఎంతో చూడండి, సాధారణంగా డిపాజిట్ కూడా దాని చుట్టుపక్కలే ఉంటుంది. ఇసుకలోకి నడపడం, పైకప్పు దెబ్బతినడం, వ్యాన్ అడుగు భాగానికి తగిలే దెబ్బలు చాలా ఒప్పందాల్లో బీమాకు బయటే ఉంటాయి. తాళం చెవి కూడా. వెట్‌సూట్‌లో దోపుకుని నీళ్లలో దిగితే, లోపలున్న ఎలక్ట్రానిక్ చిప్ ఉప్పునీటికి పాడవుతుంది. కొత్త తాళం, వ్యాన్‌ను లాగించుకునే ఖర్చు, ఒక రాత్రి బయట బస, అన్నీ కలిస్తే మీ ముగ్గురి క్లాసు ఫీజు దాటిపోవచ్చు. ముగ్గురూ ఒకేసారి నీళ్లలో దిగకండి, తాళం ఒడ్డున ఉన్నవాళ్ల దగ్గర ఉంచండి. ప్రయాణ బీమాలో విండ్‌సర్ఫింగ్ పేరు ఉందో లేదో, మీ బోర్డు తగిలి ఇంకొకరికి దెబ్బ తగిలితే పరిహారం వస్తుందో లేదో ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి.

ఇంత చెప్పినా మీ తమ్ముడు ఏదో ఒకటి కొనాల్సిందేనంటే, ముందు వెట్‌సూట్ కొనుక్కోమనండి. ఒంటికి అతుక్కునేలా కొలత కుదరాల్సిన వస్తువు అదొక్కటే, అద్దెవి అరుదుగా కుదురుతాయి. వ్యాన్‌లో ఒక మూల సరిపోతుంది, ఈతకూ పనికొస్తుంది. బోర్డు సంగతి, ఆయన సొంత ఖర్చుతో ఇంకో రెండు మూడు క్లాసులకు వెళ్లొచ్చాక మాట్లాడుకోవచ్చు.